తక్కువ ఖర్చులో హనీమూన్ ఓడ ప్రయాణం: గదిని ఎంచుకునే పద్ధతి

హనీమూన్‌కు ఓడ ఎక్కాలనుకున్న జంటలు ఎక్కువగా ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి: బాల్కనీ ఉన్న గది తీసుకోవాలా, లేక డబ్బు మిగుల్చుకుని కిటికీ లేని గదితో సరిపెట్టుకోవాలా? అది రెండో ప్రశ్న అని నా అభిప్రాయం. మొదట చూడవలసింది గది ఓడలో ఎక్కడ ఉంది, దానికి పైనా కిందా పక్కనా ఏమున్నాయి, అందులో మంచం ఎలా వేసి ఉంటుంది అన్నవి. ఒకే తరగతిలో ఒకే ధరకు అమ్మే రెండు గదుల్లో ఒకదానిలో హాయిగా నిద్ర పడితే, రెండోదానిలో తెల్లవారుజామున ఐదింటికే నెత్తిమీద కుర్చీలు ఈడ్చిన చప్పుడుకు లేచి కూర్చోవలసి రావచ్చు. పెళ్లయిన కొత్తలో మేము తీసుకున్న గది ఈ రెండో రకానిది. ఈత కొలను ఉన్న డెక్కుకు, అంటే ఓడ అంతస్తుకు, సరిగ్గా కింద ఉంది. ఆ రోజున ఓడ పటాన్ని పది నిమిషాలు చూసి ఉంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకుండానే రెండు డెక్కుల కిందికి మారి ఉండేవాళ్లం.

ఓడ గదులు స్థూలంగా నాలుగు రకాలు. ఓడ నడిమధ్యన ఉండి బయటి వెలుతురు సోకని లోపలి గది అన్నిటికన్నా చవక. సముద్రం వైపు తెరుచుకోని గాజు కిటికీ ఉన్నది దాని తరువాతి మెట్టు. ఆపైన బాల్కనీ గది, దానికీ పైన సూట్. ప్రకటనల్లో చూపే ధర సాధారణంగా ఒక మనిషికి, అదీ గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్కన వేసినది. రేవు రుసుములు, పన్నులు, సిబ్బందికి ఇచ్చే రోజువారీ టిప్పు దానికి తోడవుతాయి. సూట్‌లను పక్కన పెడితే ఈ అదనాలు ఏ గది తీసుకున్నా దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి, గదుల మధ్య అసలు తేడా తెలియాలంటే చివరి మొత్తాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

ఆ తేడాను ఓడ సముద్రం మీద ఉండే పగటి గంటలతో భాగించి చూడమని నా సలహా. లోపలి గదికన్నా బాల్కనీ గదికి ఇద్దరికీ కలిపి 24,000 రూపాయలు ఎక్కువ అనుకుందాం. సాయంత్రం బయలుదేరి, మర్నాడంతా రేవులో ఆగి, మూడోనాటి ఉదయానికి తిరిగివచ్చే రెండు రాత్రుల ప్రయాణంలో ఆ బాల్కనీలో వెలుతురు ఉండగా కూర్చునేది మహా అయితే నాలుగు గంటలు; గంటకు 6,000 పడుతుంది. అదే అయిదు రాత్రుల ప్రయాణమై, అందులో రెండు రోజులు పూర్తిగా సముద్రం మీదే గడిచేటట్లయితే, ఇద్దరే కూర్చుని కాఫీ తాగడానికి, మాట్లాడుకోవడానికి ఆ బాల్కనీ ప్రతిరోజూ ఉపయోగపడుతుంది. అందుకే రెండు మూడు రాత్రుల ప్రయాణానికి కిటికీ గదిని, సముద్రపు రోజులు ఎక్కువగా ఉన్న ప్రయాణానికి బాల్కనీ గదిని నేను సూచిస్తాను.

లోపలి గదిని నేను పూర్తిగా తోసిపుచ్చను. ఆ చీకటిలో నిద్ర గాఢంగా పడుతుంది, పెళ్లి అలసట తీరని జంటకు అది చిన్న విషయం కాదు. కానీ తెల్లవారిందో లేదో తెలియదు; చాలా ఓడల్లో టీవీలో ఓడ ముందుభాగపు కెమెరా దృశ్యం వచ్చే ఛానల్ ఒకటి ఉంటుంది, ధ్వని తగ్గించి దాన్ని పెట్టి ఉంచితే రాత్రి దీపంగానూ ఉదయం కిటికీగానూ పనికివస్తుంది. 2014లో వచ్చిన క్వాంటమ్ ఆఫ్ ద సీస్, దాని తోటి ఓడల లోపలి గదుల్లో సముద్రాన్ని అప్పటికప్పుడు చూపే నిలువెత్తు తెర గోడకే అమర్చి ఉంటుంది. ఈ తరగతి ఓడలు ఇటీవలి ఏళ్లలో సింగపూర్ నుంచి కూడా తిరిగాయి కాబట్టి అక్కడ ఓడ ఎక్కేవారు ఈ సౌకర్యం ఉందేమో అడిగి చూడాలి. తిరుమల ఘాట్ రోడ్డు మలుపులకే కడుపు తిప్పే మనిషి జంటలో ఎవరైనా ఉంటే మాత్రం లోపలి గది వద్దు. ఓడ ఊగుతున్నప్పుడు దూరాన కదలని దిగంతాన్ని చూస్తే తల తిరగడం తగ్గుతుంది, ఆ అవకాశం లోపలి గదిలో ఉండదు.

ఊపు సంగతి ఇంకొంచెం వివరంగా చూడాలి. మన తీరపు భాషలో పడవ ముందుభాగాన్ని అణియం అనీ వెనుక భాగాన్ని అమరం అనీ అంటారు. అలలు ఎదురైనప్పుడు అణియమూ అమరమూ తూకపు బల్ల రెండు కొనల్లాగా పైకీ కిందికీ లేస్తాయి, నడిమి భాగం మాత్రం అంతగా కదలదు. పక్కనుంచి అలలు తగిలినప్పుడు ఓడ అటూ ఇటూ ఒరుగుతుంది, ఆ ఒరుగుడు పై డెక్కుల్లో ఎక్కువగా, కింది డెక్కుల్లో తక్కువగా తెలుస్తుంది. కనుక ఓడ పొడవులో మధ్యన, ఎత్తులో కింద ఉన్న గదిలో ఊపు అన్నిటికన్నా తక్కువ. తక్కువ ఖర్చుతో వెళ్లేవారికి కలిసివచ్చే సంగతి ఏమిటంటే, ఒకే తరగతిలో పై డెక్కులకే ధర ఎక్కువ వేస్తారు. కింది డెక్కులు చవకగా దొరుకుతాయి. అంటే ఇక్కడ మంచి గదికి పెట్టేది తక్కువ ధరే.

ఈ జాగ్రత్త ఎంత అవసరమన్నది ముహూర్తం ఏ మాసంలో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. మాఘ, ఫాల్గుణ మాసాల్లో పెళ్లి చేసుకుని వెంటనే బయలుదేరేవారికి అరేబియా సముద్రం చాలావరకు ప్రశాంతంగా ఉంటుంది, గది ఎక్కడ ఉన్నా పెద్ద ఇబ్బంది ఉండదు. శ్రావణంలో పెళ్లయితే నైరుతి రుతుపవనాల కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి తీరంలో సముద్రం కల్లోలంగా ఉంటుంది. 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి నడవడం మొదలుపెట్టిన కార్డీలియా ఎంప్రెస్ అన్న ఓడ మర్నాటి ఏడాది వానాకాలంలో చెన్నై వైపు వచ్చింది, అదే 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి కూడా ప్రయాణికులను ఎక్కించుకుంది. కార్తిక, మార్గశిర ముహూర్తాల వేళకు బంగాళాఖాతంలో తుపానుల కాలం ఉంటుంది కాబట్టి తూర్పు తీరం ప్రయాణమైతే నడిమి గదినే పట్టుబట్టి అడగాలి. సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ వైపు వెళ్లే ఓడలు చాలా దూరం మలక్కా జలసంధి లోపలే సాగుతాయి. రెండు వైపులా నేల కాపు కాసే ఆ నీటిలో ఊపు తక్కువ కనుక అమరం వైపు గదిని కూడా ధైర్యంగా తీసుకోవచ్చు.

తరువాతి పని ఓడ పటాన్ని ముందు పెట్టుకోవడం. ఓడ సంస్థల వెబ్‌సైట్లలో ప్రతి డెక్కు పటమూ ఉంటుంది. మీరు అనుకున్న గదిని వేలితో పట్టుకుని దానికి సరిగ్గా పై డెక్కులో ఏముందో, కింది డెక్కులో ఏముందో చూడాలి. పైన ఈత కొలను, బఫే భోజనశాల, పరుగు పెట్టే దారి ఉంటే చప్పుడు తెల్లవారకముందే మొదలవుతుంది; కింద నాటకశాల గాని డాన్స్ క్లబ్బు గాని ఉంటే అర్ధరాత్రి దాటేవరకు డప్పుల అదురు నేలలోంచి వస్తుంది. పైనా కిందా కూడా గదులే ఉన్న డెక్కు అన్నిటికన్నా నిశ్శబ్దమైనది. పటంలో పేరు లేకుండా ఖాళీగా వదిలిన చోటు కనిపిస్తే అక్కడ వంటశాలో, సామాన్ల గదో, సిబ్బంది తిరిగే దారో ఉంటుందని అనుకుని దూరంగా ఉండడం మంచిది. లిఫ్టుల ఎదుటి గదులు వద్దు; రెండు మూడు తలుపుల అవతల ఉన్నవి నడకకు అనువుగానూ ఉంటాయి, నిశ్శబ్దంగానూ ఉంటాయి. మరీ కింది డెక్కులో అణియం దగ్గర ఉన్న గదిలో, ఓడ రేవుకు చేరేటప్పుడు పక్కకు నెట్టే ప్రొపెల్లర్ల మోత, లంగరు గొలుసు చప్పుడు వినిపిస్తాయి. కింద ఉండాలన్న సలహా నడిమి భాగానికే గాని ఈ మూలకు కాదు.

పటంలోని చిన్న గుర్తులను కూడా చదవాలి. రెండు గదుల మధ్య తలుపు ఉన్నట్లు ఒక గుర్తు ఉంటుంది. కుటుంబాలు పక్కపక్క గదులు తీసుకున్నప్పుడు తెరవడానికి పెట్టిన ఆ తలుపు మూసి ఉన్నా, గోడ ఆపినంతగా మాటలను ఆపదు. కొత్త దంపతులు ఆ గదులను వదిలేయాలి. మరో గుర్తు, గోడకు మడిచి పెట్టిన పై బెర్తులను తెలుపుతుంది. ఆ గదులు నలుగురి కోసం చేసినవి. కొన్నింట్లో కింది మంచాలు రెండూ వేర్వేరు గోడలకు బిగించి ఉండి, దగ్గరికి జరపడానికి వీలుండదు. హనీమూన్ ప్రయాణంలో దీనికన్నా మనసు కష్టపెట్టే పొరపాటు మరొకటి ఉండదని నేను గట్టిగా చెబుతాను. పాత ఓడల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. పైన చెప్పిన ఎంప్రెస్ 1990లో నార్డిక్ ఎంప్రెస్ అన్న పేరుతో తయారైన ఓడ. ఆ కాలపు ఓడల్లో గదులు చిన్నవి, బాల్కనీలు కొద్ది. అందువల్ల అక్కడ బాల్కనీ కోసం తాపత్రయపడటం కన్నా రెండు మంచాలూ కలిసే కిటికీ గదిని చూసుకోవడమే తెలివైన పని.

కిటికీ గదుల్లో ఏకాంతం విషయంలో ఒక తిరకాసు ఉంది. కొన్ని ఓడల్లో కిటికీకి అవతల జనం నడిచే వరండా ఉంటుంది. పగలు గాజు అద్దంలా మెరిసి లోపలిది కనిపించనివ్వదు, రాత్రి లోపల దీపం వేస్తే బయటివారికి అంతా కనిపిస్తుంది, తెర వేసుకోక తప్పదు. ప్రాణరక్షక పడవలు వేలాడే డెక్కులో ఉన్న గదులను దృశ్యానికి అడ్డు ఉందన్న పేరుతో తగ్గించి అమ్ముతారు. సముద్రం సగమే కనిపించినా పగటి వెలుతురు వస్తుంది కనుక, లోపలి గదికన్నా కొద్దిగా మాత్రమే ఎక్కువైతే నేను దీన్నే తీసుకుంటాను. బాల్కనీ తీసుకునేవారు పైనుంచి ఎవరైనా చూడగలరా అన్నది గమనించాలి. పై డెక్కు వెనక్కి తగ్గి ఉన్న చోట, ఓడ నడిపేవారి గది పక్కలకు పొడుచుకువచ్చిన చోట, బాల్కనీలో కూర్చున్నవారు పైవారికి కనిపిస్తారు.

కిటికీ గాని బాల్కనీ గాని ఏ వైపు ఉండాలన్నది చాలామంది అడగరు, దానికి ఖర్చు కూడా లేదు. ముంబయి నుంచి గోవా వైపు దక్షిణానికి వెళ్లేటప్పుడు ఓడ కుడి వైపు పడమర; సూర్యాస్తమయం అటే. తిరుగు ప్రయాణంలో అది ఎడమ వైపుకు మారుతుంది. విశాఖ నుంచి చెన్నై వైపు దిగేటప్పుడు తీరం కుడి పక్కన, సూర్యోదయం ఎడమ పక్కన ఉంటాయి. గది సంఖ్యల్లో సరి సంఖ్యలు ఒక వైపు, బేసి సంఖ్యలు మరో వైపు ఉండటం చాలా ఓడల్లో పద్ధతి. ఏవి ఎటో పటం చూసి తేల్చుకోవచ్చు.

ఇక బుకింగ్. గ్యారంటీ గది అన్న పేరుతో ఒక చవక రకం ఉంటుంది: తరగతి మాత్రం మీది, గది సంఖ్యను ఓడవారే తరువాత నిర్ణయిస్తారు. స్నేహితుల గుంపుకు అది మంచి బేరమే కావచ్చు. ఇంతవరకు చెప్పిన జాగ్రత్తలన్నీ దానితో చేజారిపోతాయి కాబట్టి కొత్త దంపతులకు నేను చెప్పను. అదే డబ్బుతో ఒక తరగతి తగ్గినా సంఖ్య ఎంచుకునే గదిని తీసుకోమంటాను. చివరి రోజుల్లో ధరలు తగ్గవచ్చు, కానీ అప్పటికి మిగిలేవి లిఫ్టు ఎదుటివి, అణియం మూలవి. అందువల్ల ముహూర్తం కుదిరిన వారంలోనే గది సంగతి చూసుకోవాలి. పెళ్లికూతురి పేరును పాస్‌పోర్టులో ఉన్నట్లే, ఇంటిపేరు మార్చకుండా ఇవ్వాలి. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవారే ముందుగా పట్టుకునే పన్ను) వసూలు చేస్తే ఆ రసీదును దాచుకోవాలి, ఆదాయపు పన్ను రిటర్నులో అది సర్దుబాటవుతుంది.

డబ్బు కట్టే ముందు ఏజెంటు చేత మూడు విషయాలు రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి: గది సంఖ్య, మంచాలు రెండూ కలిపి ఒకే పరుపుగా వేస్తారన్న హామీ, పక్క గదికి తలుపు లేదన్న సంగతి. ఓడ ఎక్కగానే పెట్టెలు విప్పకముందే గదిని చూసుకోవాలి. మంచాలు విడిగా ఉంటే గది సిబ్బందికి వెంటనే చెబితే సాయంత్రానికి కలుపుతారు. గది మార్పే కావాలంటే ఓడ కదలకముందే రిసెప్షన్‌కు వెళ్లాలి, ఎందుకంటే రాని ప్రయాణికుల గదులు ఖాళీ అయ్యేదీ, అవి ఇతరులకు దొరికేదీ ఆ గంటా రెండు గంటల్లోనే.