కొత్తగా వ్యాపారం పెడుతున్నారా? ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇలా చేసుకోండి

మొదటిసారి వ్యాపారం పెట్టేవాళ్లకు పెట్టుబడికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది కాగితాల పని. అందులో చిన్న వ్యాపారాల్ని కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నిజానికి తేలికే: ఫీజు లేదు, డాక్యుమెంట్లు అప్‌లోడ్ చేయక్కర్లేదు, మీరు చెప్పిందే రాసుకుంటారు. కానీ ఎవరూ అడగడం లేదు కదా అని ఏదో ఒకటి నింపేస్తే, అది తర్వాత బ్యాంకు లోను దగ్గరో బకాయిల వసూలు దగ్గరో అడ్డం తిరుగుతుంది.

2020 జులై 1న పాత ఉద్యోగ్ ఆధార్ స్థానంలో వచ్చిన ఈ రిజిస్ట్రేషన్‌కు కేంద్ర ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) శాఖ పోర్టల్ ఒక్కటే ఉంది. వెబ్ అడ్రస్ చివర గవ్.ఇన్ ఉందో లేదో చూసుకోండి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు బోలెడున్నాయి, ప్రాసెసింగ్ ఫీజు అడిగారంటే అది ప్రభుత్వ పోర్టల్ కాదన్నమాటే.

సొంత వ్యాపారమైతే మీ ఆధార్, పార్ట్‌నర్‌షిప్ అయితే మేనేజింగ్ పార్ట్‌నర్ ఆధార్ కావాలి. ఓటీపీ ఆధార్‌కు లింకైన నంబరుకే వస్తుంది. ఆ తర్వాత పాన్ వివరాలు, మనవాళ్లు తరచుగా ఇరుక్కునేది ఇక్కడే. ఒక కార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటుంది, ఒక్కోసారి ముందుది వెనక్కి పోతుంది. అందుకే కార్డులు రెండూ ఎదురుగా పెట్టుకుని, ఆధార్ గడిలో ఆధార్‌లో ఉన్నట్టు, పాన్ గడిలో పాన్‌లో ఉన్నట్టు కొట్టండి. మొబైలు, ఈమెయిలు కూడా మీవే ఇవ్వండి. నెట్ సెంటర్ వాళ్లవి ఇస్తే రేపు సర్టిఫికెట్ ప్రింటు తీసుకోవాలన్నా వాళ్ల ఓటీపీ కోసం తిరగాల్సిందే.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఎంచుకోవాల్సింది ఎన్ఐసీ కోడ్, అంటే మీరు చేసే పని ఏ రకమో చెప్పే నంబరు. ఉదాహరణకు బట్టలు కుట్టి ఇచ్చే పని తయారీ కిందికి, 14తో మొదలయ్యే కోడ్‌లోకి వస్తుంది. "బట్టల వ్యాపారమే కదా" అని రిటైల్ అమ్మకాల 47 పెట్టేస్తే మీరు ట్రేడర్, అంటే సరుకు కొని అమ్మేవాళ్లు అయిపోతారు. ట్రేడర్లకు 2021 నుంచి రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు కానీ అది ప్రాధాన్య రంగ రుణాల (బ్యాంకులు కొన్ని రంగాలకు తప్పక ఇవ్వాల్సిన అప్పుల) వరకే. సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, లేకపోతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలి అనే చట్టం రక్షణ వాళ్లకు రాదు. కొత్త వ్యాపారం ఎక్కువగా నలిగిపోయేది రావాల్సిన డబ్బు రాకే కాబట్టి, ఈ గడి దగ్గర పది నిమిషాలు ఎక్కువ పట్టినా నష్టం లేదు. ఒకటికి మించి పనులుంటే అన్ని కోడ్‌లూ ఒకే రిజిస్ట్రేషన్‌లో చేర్చండి, రెండోది తీసుకోవడానికి వీల్లేదు.

పెట్టుబడి గడిలో భూమి, భవనం కలపకండి, యంత్రాలు, పరికరాల విలువ చాలు. ఇంకా ఐటీ రిటర్న్ వేయకపోతే మీరు చెప్పిన అంకెనే ప్రస్తుతానికి తీసుకుంటారు. 2025 ఏప్రిల్ 1 నుంచి పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్ల లోపుంటే సూక్ష్మ సంస్థ, కొత్తవాళ్లు దాదాపు అందరూ ఇందులోకే వస్తారు. పాన్, జీఎస్టీ లేకుండా నడిచే చిన్న పనులకైతే ఉద్యమ్ అసిస్ట్ అని వేరే దారి ఉంది, బ్యాంకులో అడగండి.

సర్టిఫికెట్ చేతికొచ్చింది కదా అని షట్టర్ ఎత్తేయకండి, ఇది లైసెన్స్ కాదు. ట్రేడ్ లైసెన్స్, వర్తిస్తే జీఎస్టీ విడిగా తీసుకోవాల్సిందే. ఉద్యమ్‌కు మాత్రం రెన్యువల్ లేదు, "మీ సర్టిఫికెట్ గడువు అయిపోతోంది, డబ్బు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.