ఏజెంట్ల కోసం టూల్ వివరణలు – 4వ పాఠం: చెప్పకుండా పోయిన గడువు

రెడిస్ అనేది ఒక్కో విలువను ఒక్కో పేరు (కీ) కింద దాచే డేటాబేస్. అందులో విలువ రాసే సెట్ కమాండ్‌ను, పనులను తానే మెట్టుమెట్టుగా చేసే ఏఐ ఏజెంటుకు ఒక టూల్‌గా, అంటే అది పిలిచి వాడుకునే పనిముట్టుగా అందిస్తే, దాని వివరణ ఎలా ఉండాలో రాసి పంపమని గత పాఠం చివర అడిగాను. వచ్చిన జవాబుల్లో చాలావరకు "ఇచ్చిన కీ కింద విలువను భద్రపరుస్తుంది" అన్న ఒక్క వాక్యంతో ఆగిపోయాయి. అందులో అబద్ధం లేదు, అయినా దాన్ని నమ్ముకున్న ఏజెంటు పొరపాటు చేసి తీరుతుంది. కీ ఎంతసేపటికి తనంతట తాను చెరిగిపోవాలో చెప్పే గడువు సంగతి నేను ముందే చెప్పవలసింది. అందుచేత ఈ వారానికి అనుకున్న ఎస్3ని (అమెజాన్ వారి ఫైళ్ల నిల్వ సేవ) చివరికి జరిపి, ముందు దీన్ని సరిచేద్దాం.

రెడిస్ తెరిచి, "సెషన్:42" అనే కీకి 3600 సెకన్ల గడువుతో ఒక విలువ రాయండి. టీటీఎల్ కమాండ్‌తో అడిగితే ఇంకా మిగిలిన సెకన్లు కనబడతాయి. ఇప్పుడు గడువు ఊసెత్తకుండా అదే కీకి సెట్‌తో మరో విలువ రాయండి. "ఓకే" అని జవాబు వస్తుంది. మళ్లీ టీటీఎల్ అడగండి: -1. అంటే కీ ఉంది, దానికి గడువు మాత్రం లేదు. గంటలో చెరిగిపోవలసిన సెషన్ (ఒక వాడుకరి లాగిన్ వివరాలు) ఇక తనంతట తాను చెరిగిపోదు.

ఆ "ఓకే" చూసిన ఏజెంటు పని పూర్తయిందనుకుని తరువాతి మెట్టుకు వెళ్లిపోతుంది. రెడిస్ గురించి ఏజెంటును నడిపే ఏఐ మోడల్‌కు ముందే తెలుసు కదా అని కొందరు రాశారు. తెలిసే ఉండవచ్చు, కానీ మీరు టూల్‌కు "సెషన్ భద్రపరచు" అని పేరు పెట్టారు. దాని వెనుక ఉన్నది రెడిస్ అని ఎక్కడా చెప్పలేదు. వెనుక ఏముందో తెలియనప్పుడు ఆ జ్ఞానం అక్కరకు రాదు.

నేనైతే ఆ వివరణను ఇలా రాస్తాను: "కీ లేకపోతే సృష్టిస్తుంది. ఉంటే పాత విలువను పూర్తిగా తీసివేసి కొత్తది ఉంచుతుంది, రెంటినీ కలపదు. గడువు ఇవ్వకపోతే పాత గడువు కూడా రద్దవుతుంది. పాత గడువు నిలవాలంటే కీప్‌టీటీఎల్‌ను ఎంచుకోవాలి." సెట్‌తో పాటు ఇచ్చే ఈ కీప్‌టీటీఎల్ ఎంపిక రెడిస్ 6.0 నుంచి ఉంది. విలువను మార్చే ప్రతి కమాండూ గడువును చెరపదు; సంఖ్యను ఒకటి పెంచే ఇంకర్, కీ లోపలి ఒక ఫీల్డుకు విలువ రాసే హెచ్‌సెట్ వంటివి దాన్ని ముట్టుకోవు. కాబట్టి ఒక టూల్ వివరణను మరో టూల్‌కు యథాతథంగా అతికించవద్దు. గడువు ఇచ్చే పారామీటర్‌కు "గడువు" అని కాక "గడువు_సెకన్లలో" అని పేరు పెట్టడం నా అలవాటు. సెట్‌లో గడువు ఇచ్చే ఎంపికల్లో ఈఎక్స్ సెకన్లను, పీఎక్స్ మిల్లీసెకన్లను తీసుకుంటాయి. ప్రమాణం పేరులోనే ఉంటే ఏజెంటు వేయి రెట్లు తప్పే అవకాశం బాగా తగ్గుతుంది.

సవరించి పంపినవారిలో కొందరు చివర "జాగ్రత్తగా వాడాలి" అని చేర్చారు. ఈ మాటను మీ వివరణల్లోంచి పూర్తిగా తీసివేయమని గట్టిగా కోరుతున్నాను. దేని విషయంలో జాగ్రత్త? ఆ జాగ్రత్త ఏం చేస్తే తీసుకున్నట్టు? మనిషైతే పక్కవారిని అడుగుతాడు. ఏజెంటు మాత్రం అవసరం లేని చోట అనుమతి అడుగుతూ కూర్చుంటుంది, లేదా ఆ వాక్యాన్ని దాటుకుని పోతుంది. హెచ్చరిక రాయదలిస్తే మూడు సంగతులు రాయండి: ఏ పరిస్థితిలో, ఏం నష్టం, దేనితో సరిచూసుకోవాలి. "గడువు ఉన్న కీపై రాస్తే గడువు పోతుంది, రాసిన వెంటనే టీటీఎల్ అడగండి, -1 వస్తే గడువు మళ్లీ పెట్టండి." "పెద్ద డేటాతో జాగ్రత్త" అనడానికి బదులు ఎన్ని బైట్లు దాటితే ఏ ఎర్రర్ వస్తుందో రాయండి. "తొలగించేటప్పుడు జాగ్రత్త" అనడానికి బదులు తొలగించినది తిరిగి వస్తుందో రాదో రాయండి.

ఇలా చెప్పకుండా జరిగిపోయేవి మిగతా చోట్లా ఉన్నాయి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో పూర్ణాంకాల నిలువు వరుసలో "పన్నెండు" అని అక్షరాల్లో రాసినా మామూలు పట్టిక స్వీకరిస్తుంది, 2021లో 3.37 వెర్షన్‌తో వచ్చిన స్ట్రిక్ట్ పట్టికలే దాన్ని తిప్పికొడతాయి. ఎస్3లో లేని ఆబ్జెక్టును (అక్కడ దాచే ఫైలును అలా అంటారు) తొలగించమన్నా 204 అనే విజయ సంకేతమే వస్తుంది. అది చూసి ఆబ్జెక్టు అంతకుముందు ఉండేదని ఏజెంటు నిర్ధారించుకోకూడదు.

అభ్యాసం: ఎస్3 బకెట్‌లో (ఆబ్జెక్టులను ఉంచే అర) 2,500 చిన్న ఆబ్జెక్టులు ఉంచండి. జాబితా తెచ్చే టూల్‌కు వివరణ రాయండి. ఒక్క పిలుపుకు గరిష్ఠంగా 1,000 కీలే (ఆబ్జెక్టుల పేర్లు) వస్తాయి, మిగతావాటి కోసం జవాబులో వచ్చిన కొనసాగింపు టోకెన్‌ను తిరిగి పంపాలి. మీ వివరణ తప్ప మరే సూచనా ఇవ్వకుండా "మొత్తం ఎన్ని ఉన్నాయి?" అని ఏజెంటును అడగండి. 1,000 అని చెబితే ప్రశ్నను కాక వివరణను మార్చి, కొత్త సంభాషణ తెరిచి మళ్లీ అడగండి. వరుసగా ఐదు కొత్త సంభాషణల్లో 2,500 అని వచ్చాకే మీ మొదటి వివరణను, చివరి వివరణను పక్కపక్కన పెట్టి పంపండి.