పాయింటుకి ఎన్ని పైసలు? తిరుపతి, చిత్తూరు వాళ్ళకి క్రెడిట్ కార్డు రివార్డుల లెక్క

యాప్‌లో 8,000 పాయింట్లు కనిపిస్తే అవి 8,000 రూపాయలు కావు. అదే పాయింటుకి ఒక చోట 20 పైసలు వస్తాయి, ఇంకో చోట 50 పైసలు, కొన్ని కార్డుల్లో రూపాయి. ఈ తేడా చూసుకోకుండా మార్చుకుంటే సగానికి సగం నష్టం. చూసుకుని కూడా దాచుకుంటూ పోతే ఒకరోజు గడువు దాటి మొత్తం ఎగిరిపోతుంది.

అన్నిటికంటే ముందు ఒక్క విషయం తేల్చుకోండి. నెలనెలా బిల్లు మొత్తం కడుతున్నారా? మినిమమ్ డ్యూ (బిల్లులో బ్యాంకు అడిగే కనీస మొత్తం) మాత్రమే కడుతుంటే పాయింట్ల గురించి ఆలోచించడమే దండగ. నెలకి 3.5 శాతం వడ్డీ లెక్కన 10,000 రూపాయల బాకీకి 350 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 63, అంటే నెలకి 413 రూపాయలు. ఒక శాతం రివార్డు ఇచ్చే కార్డుతో ఈ 413 సంపాదించాలంటే 41,300 ఖర్చు పెట్టాలి. పైగా బాకీ ఉన్నంత కాలం కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ముందు బాకీ తీర్చండి, తర్వాత మిగతాది చదవండి.

పైసల లెక్క కట్టే పద్ధతి

మీకు ఏది వస్తుందో దాని బయటి ధరను, దానికి అడుగుతున్న పాయింట్లతో భాగించి వందతో హెచ్చించండి. వచ్చేది పాయింటుకి పైసలు. బ్యాంకు రివార్డుల కేటలాగ్‌లో ఒక మిక్సీకి 12,000 పాయింట్లు అడిగారనుకోండి. అదే మోడల్ మన ఊరి షాపులో బేరం ఆడితే 2,400కి వస్తుంది. అంటే పాయింటుకి 20 పైసలు. అవే పాయింట్లు కార్డు బిల్లులో 25 పైసల లెక్కన తగ్గిస్తామంటే 3,000 వస్తాయి. మిక్సీ షాపులో కొనుక్కున్నా 600 మిగులు. కేటలాగ్‌లో చూపించే ఎమ్మార్పీని నమ్మి లెక్క కట్టకండి. ఎమ్మార్పీకి మిక్సీ ఎవరూ కొనరు. కుక్కర్లు, ట్రాలీ బ్యాగులు, ఇయర్‌ఫోన్లు దాదాపు ఎప్పుడూ నష్టపు బేరమే.

ఇక రిడెంప్షన్ ఫీజు, అంటే పాయింట్లు మార్చుకున్నందుకు బ్యాంకు తీసుకునేది. చాలా బ్యాంకులు ఒక్కోసారికి 99 రూపాయలు, జీఎస్టీతో కలిపి దాదాపు 117 తీసుకుంటాయి. 25 పైసల కార్డులో 2,000 పాయింట్లు మారిస్తే వచ్చేది 500, అందులో 117 ఫీజుకే పోతుంది, దాదాపు నాలుగో వంతు. 8,000 పాయింట్లు ఒకేసారి మారిస్తే 2,000లో అదే 117, ఆరు శాతం లోపు. అందుకే చిన్న చిన్నగా మార్చకండి, కూడబెట్టి ఒకేసారి మార్చండి. ఈ ఫీజు లేని కార్డు అయితే ఈ బాధ లేదు, గడువు ఒక్కటి చూసుకుంటే చాలు.

మనకి ఏది పనికొస్తుంది

రైలు ఎక్కువగా ఎక్కే ఇంటికి ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ కార్డు లాంటిది బాగా కలిసొస్తుంది. దాని పాయింటు టికెట్ మీద రూపాయితో సమానం. ఐఆర్‌సీటీసీలో ఏసీ, చైర్ కార్ టికెట్లు కొంటే మామూలు ఖర్చుల కంటే ఎక్కువ పాయింట్లు పడతాయి. తిరుపతి నుంచి సికింద్రాబాద్‌కి వందే భారత్‌లోనో నారాయణాద్రి ఏసీలోనో ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్ళివచ్చే కుటుంబం ఆ పాయింట్లను మళ్ళీ టికెట్లకే వాడుకోవచ్చు. స్లీపర్‌లో తిరిగేవాళ్ళు మాత్రం ఈ కార్డు తీసుకునే ముందు ఏ తరగతికి ఎన్ని పాయింట్లో చదువుకోవాలి.

విమానం టికెట్ల దగ్గర పాయింటు విలువ ఎక్కువ చూపిస్తారు. అక్కడే మోసపోయేదీ ఎక్కువ. ఒక ఉదాహరణ చూడండి. రేణిగుంట నుంచి హైదరాబాద్ టికెట్ ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో 4,000 ఉంది, పాయింట్లతో టికెట్ కొనే బ్యాంకు పోర్టల్‌లో 4,350. పాయింటు 50 పైసలు, టికెట్ ధరలో 70 శాతం దాకా పాయింట్లతో కట్టొచ్చు. అంటే 6,090 పాయింట్లు పోయి, చేతి నుంచి 1,305 రూపాయలు కడతారు. పాయింట్లు లేకపోతే 4,000కే వచ్చే టికెట్ కదా, కాబట్టి మీకు నిజంగా మిగిలింది 2,695. పాయింటుకి 44 పైసలు. ఫీజు ఉంటే ఇంకో రెండు పైసలు తగ్గుతాయి. బిల్లులో 20 పైసలకి పోగొట్టుకోవడం కంటే ఇది చాలా నయం. కానీ ఆ తేడా 350 బదులు 1,500 ఉంటే? పాయింటు విలువ దాదాపు 30 పైసలకి పడిపోతుంది. కాబట్టి రెండు సైట్లూ పక్కపక్కన తెరిచి, బ్యాగేజీ, కన్వీనియన్స్ ఫీజు కలిపిన ఆఖరి మొత్తాన్నే పోల్చండి. చెన్నై నుంచి టికెట్ చౌకగా ఉందని పాయింట్లు అక్కడ పెట్టేవాళ్ళు కారు ఖర్చు కూడా కలుపుకోవాలి.

పాయింట్లను మైల్స్‌గా, అంటే ఎయిర్‌లైన్ సొంత పాయింట్లుగా మార్చడం ప్రయాణం తేదీ, సీటు ఖాయంగా తెలిసినప్పుడే చేయండి. ఒకసారి మారిస్తే వెనక్కి రావు.

ఎటూ ప్రయాణాలు లేవా? మీరు ఎలాగూ కొనే చోటి వోచర్ తీసుకోండి, లేదా బిల్లులో తగ్గించుకోండి. వోచర్‌కి గడువు ఉంటుంది, తీసుకున్నాక రద్దు కుదరదు. అందుకే వాడే వారంలోనే తీసుకోవాలి. బిల్లులో తగ్గించుకునేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: చాలా బ్యాంకుల్లో అలా జమ అయిన డబ్బును మీరు కట్టిన పేమెంట్‌గా లెక్కించరు. పాయింట్లు జమ అవుతాయి కదా అని తక్కువ కడితే లేట్ ఫీజు పడొచ్చు. ఈ నెల బిల్లు మామూలుగా మొత్తం కట్టేయండి, జమ అయినది వచ్చే నెలకి పనికొస్తుంది.

పాయింట్ల కోసం ఖర్చు పెట్టకూడని చోట్లు

గాంధీ రోడ్డులో నగ కొన్నప్పుడు "కార్డు అయితే రెండు శాతం ఎక్స్‌ట్రా" అన్నారనుకోండి. 80,000 బిల్లుకి 1,600 అదనం. ఒక శాతం రివార్డు కార్డు ఇచ్చేది 800. అక్కడ యూపీఐ కట్టడమే లాభం. ఒక్క మినహాయింపు ఉంది: ఏడాదికి ఇంత ఖర్చు పెడితే వార్షిక ఫీజు మాఫీ అన్న లెక్కకి కొంచెమే తక్కువ ఉండి, ఆ మాఫీ మీరు పోగొట్టుకునే 800 కంటే ఎక్కువైతే.

పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో వేసుకునే డబ్బుకి చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు. కరెంటు బిల్లు, ఇన్సూరెన్సుకి పరిమితులు పెడతాయి. చాలా బ్యాంకుల్లో అద్దె మీద ఒక శాతం ఫీజు కూడా ఉంటుంది. మీ కార్డు నియమాల్లో ఈ మినహాయింపుల జాబితా ఒక్కసారి చదవండి. అది చదవడానికి పట్టే పది నిమిషాలు ఏ ఆఫర్ కంటే విలువైనవి.

300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు ఏ కార్డుకి ఎన్ని పాయింట్లు అని ఆలోచించకండి. నలుగురికి 1,200, దాని మీద ఒక శాతం 12 రూపాయలు. ఓటీపీ వెంటనే వచ్చే పద్ధతి ఏదైతే దానితో కట్టేయండి. స్లాట్ పోతే ఆ 12 రూపాయలు ఎందుకూ కొరగావు.

ఎప్పుడు, ఎలా

చాలా కార్డుల్లో పాయింట్ల గడువు రెండు నుంచి మూడేళ్ళు. ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి యాప్ తెరిచి రివార్డ్స్ పేజీలో "ఎక్స్‌పైర్ అయ్యే పాయింట్లు" చూడండి. రాబోయే ఆరు నెలల్లో ప్రయాణం ఖాయమైతే ఆపండి, లేకపోతే మార్చేయండి. బ్యాంకు పాయింటు విలువ తగ్గించిందంటే దాచుకున్న వాటికీ ఆ తగ్గింపే వర్తిస్తుంది, వాటికి వడ్డీ కూడా రాదు.

మార్చే రోజు సొంతంగా యాప్‌లోకి లాగిన్ అయి, రెండు మూడు మార్గాల్లో పైసల లెక్క కట్టి, ఫీజు ఎంతో చూసి, ఓటీపీ కొట్టండి. రిఫరెన్స్ నంబరు స్క్రీన్‌షాట్ తీసుకోండి. తర్వాతి స్టేట్‌మెంట్‌లో జమ కాకపోతే అదే మీకు ఆధారం.

పాయింట్లు కనబడకుండా పోయే సందర్భాలు కొన్ని ఉంటాయి. వేలూరు ఆసుపత్రిలో పెద్ద బిల్లు కార్డు మీద కట్టి తర్వాత ఈఎంఐగా మార్చితే, చాలా కార్డుల్లో దానికి పడిన పాయింట్లు వెనక్కి తీసుకుంటారు. వస్తువు రిటర్న్ చేసినా అంతే. బిల్లు గడువు దాటితే రిడెంప్షనే ఆపేస్తారు. కార్డు క్లోజ్ చేయించుకునేవాళ్ళు ముందు పాయింట్లు వాడేసి, జమ అయిందని చూసుకున్నాకే అడగాలి. ఆర్బీఐ నియమం ప్రకారం, బాకీ లేకపోతే బ్యాంకు ఏడు పనిదినాల్లో కార్డు క్లోజ్ చేయాలి, ఆలస్యానికి రోజుకి 500 ఇవ్వాలి. క్లోజ్ అయ్యాక పాయింట్లు తిరిగి తెచ్చుకునే దారి సాధారణంగా ఉండదు.

"మీ రివార్డ్ పాయింట్లు ఈ రాత్రితో అయిపోతాయి, వెంటనే ఈ యాప్ వేసుకోండి" అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైల్) వస్తే అది దొంగలు పంపిందే. ఏ బ్యాంకూ పాయింట్ల కోసం అలా ఫైల్ పంపదు. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లలో ఇది ముందే చెప్పి ఉంచండి. పొరపాటున ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఫోన్‌లో నెట్ ఆపేసి, ఇంకో ఫోన్ నుంచి కార్డు బ్లాక్ చేయించి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.