బ్రహ్మోత్సవాల ఆర్డరు ప్రింటింగ్‌కు ఇచ్చేముందు

బ్రహ్మోత్సవాలు దగ్గరపడితే తిరుపతిలో ప్రింటింగ్ షాపులకు తీరిక ఉండదు. టీషర్టులు, గుడ్డ సంచులు, కప్పులు, కీచైన్లు అన్నీ ఒకే వారంలో కావాలని అందరూ మీద పడతారు. ఆ రద్దీలో మీ ఫైలు తెరిచి తప్పులు దిద్దే ఓపిక ఎవరికుంటుంది? పంపింది పంపినట్టే అచ్చవుతుంది. అందుకే డిజైన్ చేసేవాళ్లు, ఆర్డరు ఇచ్చేవాళ్లు ఫైలు పంపకముందే కూర్చుని చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు తెలుగు అక్షరాలు. మన దగ్గర ఎక్కువ సరుకు పాడయ్యేది ఇక్కడే. మీ కంప్యూటర్లో చక్కగా ఉన్న ‘శ్రీ’ షాపు కంప్యూటర్లో శకారం ఒకచోట, రకారం ఒకచోట, గుడిదీర్ఘం ఇంకోచోట పడి కనిపించవచ్చు. డీటీపీ పనికి వాడే పాత రకం అను ఫాంట్లలో టైపు చేసిన మాటైతే, ఆ ఫాంటు లేని చోట తెరవగానే పిచ్చి గుర్తులుగా మారిపోతుంది. ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే తెరుచుకునే యూనికోడ్‌లో టైపు చేశాం కదా అని ధీమాగా ఉండకండి. ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్‌లలో తెలుగు లాంటి లిపులను కూర్చే ‘వరల్డ్ రెడీ’ సెట్టింగు లేకపోతే ఒత్తులు ఉండాల్సిన చోట ఉండకపోవచ్చు. రెండింటికీ ఒకటే మందు: ఒత్తులు సరిగ్గా పడ్డాయని చూసుకుని, మాటలన్నీ ఖాయమయ్యాక అక్షరాలను బొమ్మగా మార్చేయడం. కోరల్‌డ్రాలో కన్వర్ట్ టు కర్వ్స్, ఇల్లస్ట్రేటర్‌లో క్రియేట్ ఔట్‌లైన్స్. ఆ తర్వాత టైపు చేసి దిద్దడం కుదరదు కాబట్టి అసలు ఫైలును వేరే పేరుతో దాచుకోండి. మార్చిన ఫైలును, టైపు చేసినవాళ్లు కాకుండా ఇంకొకరు పైకి చదవాలి. రాసినవాళ్ల కంటికి తమ తప్పు ఆనదు.

తర్వాత అక్షరం సైజు. ‘రథోత్సవం’ అనే మాట తీసుకోండి. ‘థ’లో కడుపులో ఒక చుక్క, కింద ఒక చిన్న గీత ఉంటాయి. గుడ్డ మీద ఇంకు కొంచెం పరుచుకుంటుంది. అక్షరం చిన్నదైతే చుక్క పూడిపోయి ‘ధ’ అవుతుంది, గీత కూడా పోతే ‘ద’ అవుతుంది. ‘కల్పవృక్ష వాహనం’లో వట్రసుడి, షకారపు ఒత్తు కలిసి ఒక ముద్దగా మిగులుతాయి. కాబట్టి సైజు చూసేటప్పుడు పై అక్షరాన్ని కాదు, దాని కింద ఉన్న ఒత్తును చూడాలి. ఒత్తు కనిపించేంత పెద్దదిగా పెడితే మిగతాది దానంతటదే సరిపోతుంది. డిజైన్‌ను అసలు సైజులో మామూలు కాగితం మీద ప్రింట్ తీసి, గోడకు అంటించి నాలుగడుగుల దూరం నుంచి చదవండి. స్క్రీన్ మీద జూమ్ చేసి చూసింది లెక్కలోకి రాదు. జాలీ (స్క్రీన్) గుండా ఇంకు నొక్కి వేసే స్క్రీన్ ప్రింటింగ్‌కైతే ఒక పాయింటు (అంగుళంలో 72వ వంతు) కన్నా సన్నని గీతలు పెట్టకపోవడమే మంచిది.

బొమ్మ నాణ్యతకు లెక్క తేలికే: అంగుళానికి 300 పిక్సెళ్లు. టీషర్టు మీద 10 అంగుళాల వెడల్పు బొమ్మ కావాలంటే ఫైలు 3000 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి. చిన్న బొమ్మను లాగి పెద్దది చేస్తే అంచులు మసకబారతాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి, లేదా డ్రైవ్ లింకు ఇవ్వండి.

రంగుల దగ్గర చాలామంది నిరాశపడతారు. ఫోనులో వెలిగిపోయే పచ్చ, నీలం, కాషాయం అచ్చులో అంత మెరవవు. స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రెస్ ఇంకుతో చూపిస్తుంది. ఫైలును ముందే అచ్చు ఇంకుల రంగు పద్ధతి అయిన సీఎంవైకేలోకి మార్చి చూసుకుంటే ఆ తేడా ఎంతో తెలుస్తుంది. కొందరు షాపువాళ్లు, ముఖ్యంగా కప్పులకు, స్క్రీన్ రంగుల పద్ధతి అయిన ఆర్‌జీబీ ఫైలే అడుగుతారు. ఏది కావాలో ఫోన్ చేసి కనుక్కోండి.

దేని మీద, ఏ పద్ధతిలో వేస్తున్నారో తెలియకుండా డిజైన్ మొదలుపెట్టకండి. వేడితో రంగును ఆవిరి చేసి వస్తువులోకి ఎక్కించే సబ్లిమేషన్‌లో తెల్ల ఇంకు ఉండదు. లేత రంగు పాలిస్టర్ మీద, పైన కోటింగ్ ఉన్న కప్పుల మీద బాగా పడుతుంది కానీ కాటన్ మీద నిలవదు, ఉతికితే వెలిసిపోతుంది. నల్ల కాటన్ టీషర్టుకు డీటీఎఫ్ (బొమ్మను తెల్ల ఇంకుతో కలిపి ఫిల్మ్ మీద అచ్చేసి, వేడితో గుడ్డకు అంటించే పద్ధతి) గానీ స్క్రీన్ ప్రింటింగ్ గానీ నయం. డీటీఎఫ్‌కు వెనక ఏమీ లేని పీఎన్‌జీ ఇవ్వాలి. జేపెగ్ ఇస్తే బొమ్మ చుట్టూ తెల్లటి డబ్బా కూడా అచ్చయ్యే ప్రమాదం ఉంది. దేవుడి బొమ్మ వెనక కాంతి వలయం అంటూ పెట్టే మెత్తటి గ్లో కూడా ఇందులో తెల్ల మరకలాగా తేలుతుంది. దాన్ని తీసేయండి, లేదా గట్టి అంచున్న కిరణాలుగా గీయండి. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో స్క్రీన్ కావాలి కాబట్టి, రంగులు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది.

బొమ్మ ఎవరిదన్నది కూడా పట్టించుకోవాలి. గూగుల్‌లో దొరికింది కదా అని వాడేయకూడదు. మన చట్టంలో చిత్రకారుడు పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు ఆ బొమ్మ మీద హక్కు ఉంటుంది. దేవస్థానం లోగో జోలికి అనుమతి లేకుండా వెళ్లొద్దు. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి పని అని చెప్పే భౌగోళిక గుర్తింపు) ఉంది, అది కలంతో చేత్తో గీసే పని. మిషన్ మీద వేసిన సంచి మీద ఆ పేరు రాస్తే, ఎండలో గుడ్డలు ఆరేసుకుంటూ ఆ విద్య మీదే బతికే కుటుంబాల కూడు లాక్కున్నట్టే. ఇక స్వామివారి రూపం కాళ్ల కింద పడే వస్తువుల మీద, పట్టాల మీద, చెప్పుల మీద వేయడం అసలే వద్దు. సంచి మీద వేసేటప్పుడు కూడా, నేల మీద పెడితే ఆ బొమ్మ ఎక్కడ ఆనుతుందో ఆలోచించి పైభాగంలో పెట్టండి.

సంవత్సరం వేయాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి. వేస్తే మిగిలిన సరుకు వచ్చే ఏడాది అమ్ముడుపోదు. అధిక మాసం వచ్చిన ఏడు సాలకట్ల (ఏటా జరిగేవి), నవరాత్రి అని రెండు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. ఒకదాని పేరు వేస్తే రెండోదానికి ఆ సరుకు పనికిరాదు.

మొత్తం ఆర్డరు ఖాయం చేసేముందు ఒక్క పీసు వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. టీషర్టయితే తిరగేసి రెండు మూడుసార్లు ఉతకండి, ప్రింటును సాగదీసి చూడండి. అది బాగుంటే షాపతనికి ఫలానా ఫైలు అని పేరుతో సహా మెసేజ్ పెట్టండి. పాత ఫైలు, కొత్త ఫైలు పక్కపక్కనే ఉంటే తప్పుది మిషన్ ఎక్కడం ఎంతసేపు? ‘ఫైనల్’ అని పేరు పెట్టిన ఫైళ్లు నాలుగు ఉంటాయి, తేదీ వేస్తే గొడవ ఉండదు.

రోజులు లెక్కేసేటప్పుడు వానలను కూడా కలుపుకోండి. అక్టోబరు సగం దాటితే ఈశాన్య రుతుపవనాలతో మన వైపు ముసురు పడుతుంది, గాలిలో తేమకు స్క్రీన్ ఇంకు ఆరడం ఆలస్యమవుతుంది. తడిగా మడతపెట్టిన టీషర్టులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ప్యాకింగ్‌కు కాగితం కవర్లు చెప్పండి. తిరుమలలో ప్లాస్టిక్ నిషేధం, ప్లాస్టిక్ కవర్లను అలిపిరి దాటనివ్వరు.