నల్లటి సెట్టు మీద నడిచిన కథ: స్టార్ ట్రెక్ ‘ది ఎంపాత్’ను మళ్లీ తూచే పద్ధతి

అమెరికా సైన్స్ ఫిక్షన్ టీవీ కథ స్టార్ ట్రెక్ తొలి సిరీస్ 1966 నుంచి 1969 వరకు మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు నడిచింది. మూడో సీజనుకి బడ్జెట్ కోశారు, ఎన్‌బీసీ ఛానెల్ దాన్ని శుక్రవారం రాత్రి పదింటికి నెట్టింది. అప్పటినుంచి ఆ సీజనంటే చాలామందికి చిన్నచూపే. 1968 డిసెంబరు 6న వచ్చిన ‘ది ఎంపాత్’ (ఎదుటివాళ్ల బాధని తనలో అనుభవించే మనిషి అని అర్థం) ఆ చిన్నచూపుకి బాగా బలైన ఎపిసోడ్. సెట్టే లేదంటారు, నత్తనడక అంటారు, చిత్రహింస ఎక్కువంటారు. ఆ మూడో కారణంతోనే బీబీసీ చాలా ఏళ్లు దీన్ని ప్రసారం చేయలేదు. ఆ ఖాళీ సెట్టే ఈ ఎపిసోడ్‌కి బలం అని మా గట్టి నమ్మకం. అయితే అది కంటికి ఆనాలంటే చూసే పద్ధతి మారాలి. గోదావరి డెల్టాలో మామూలు ఇంట్లో, నలుగురైదుగురు కూర్చుని మూడు రాత్రుల్లో చేసుకోగలిగేలా ఆ పద్ధతి చెబుతున్నాం.

ముందు తెర సంగతి చూసుకోవాలి, ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. ఈ కథలో చాలాభాగం పాత్రల వెనక నలుపు తప్ప ఇంకేమీ ఉండదు. టీవీ ‘వివిడ్’ మోడ్‌లో ఉంటే ఆ నలుపు ముద్దగా మారి మనుషుల నడుం కింది భాగాన్ని మింగేస్తుంది. ‘సినిమా’ మోడ్ పెట్టండి. డైనమిక్ కాంట్రాస్ట్, మోషన్ స్మూతింగ్ రెండూ ఆపేయండి. బొమ్మ 4:3లోనే ఉండాలి. తెర నిండాలని 16:9కి సాగదీస్తే కథలో మాట రాని అమ్మాయి జెమ్ చేతుల కదలికలన్నీ లావెక్కి మొద్దుబారతాయి. ఇప్పుడు ఓడ కెప్టెన్ కిర్క్, అతని తోటి అధికారి స్పాక్, డాక్టర్ మెకాయ్ ముగ్గురూ నిలబడ్డ చోట ఆపి వాళ్ల నల్ల ప్యాంట్లు చూడండి. బ్రైట్‌నెస్ ఒక్కో అంకె పెంచుతూ పోతే ఒకచోట ప్యాంటు అంచు వెనకనున్న నలుపు నుంచి విడివడుతుంది. అక్కడ ఆపాలి. ఇంకా పెంచితే తెరకి అటూ ఇటూ ఉన్న నల్ల పట్టీలు కూడా బూడిదరంగుకి తిరుగుతాయి, అంటే హద్దు దాటినట్టే.

ప్రొజెక్టర్ వాడేవాళ్లకి ఇంకో మాట. చెమ్మకి పెచ్చులూడిన గోడ మీద వేయకండి, మచ్చలన్నీ ముఖాల మీదే పడతాయి. పంచె కడితే వెలుగు సగం వెనక్కి జారిపోతుంది. ముదురురంగు దుప్పటి ముందు కట్టి, దాని మీద తెల్లగుడ్డ నాలుగు మూలలా బిగించి లాగితే సరిపోతుంది. లాంప్ ఉన్న పాత రకం ప్రొజెక్టర్‌ని యూపీఎస్ లేకుండా వాడొద్దు. కరెంటు పోగానే ఫ్యాను ఆగిపోతుంది, ఆ వేడి లాంపులోనే ఉండిపోయి దాన్ని పాడుచేస్తుంది. వానాకాలంలో లెన్సుకి బూజు పట్టకుండా పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.

ప్రింటు విషయానికొస్తే, 2006 నుంచి వచ్చిన కొత్త ప్రింట్లలో అంతరిక్ష ఓడ, గ్రహాల బయటి దృశ్యాలను కంప్యూటర్‌తో మళ్లీ చేశారు. బ్లూరేలో పాతవీ కొత్తవీ రెండూ ఎంచుకోవచ్చు. తూకం వేసేటప్పుడు పాతదే పెట్టండి, 1968 నాటి పనినే కదా మనం తూచేది.

మొదటి రాత్రి మొత్తం యాభై నిమిషాలూ ఆపకుండా చూడాలి. కథ క్లుప్తంగా ఇదీ. పేలిపోబోతున్న మినారా నక్షత్రం దగ్గర పరిశోధకులను తీసుకెళ్లడానికి వచ్చిన ముగ్గురినీ వియన్లు అనే జాతివాళ్లు అక్కడి గ్రహం నేల అడుగుకి లాగేస్తారు. అక్కడ మాట రాని ఒక అమ్మాయి ఉంటుంది. మెకాయ్ ఆమెకి జెమ్ అని పేరు పెడతాడు, అంటే రత్నం. ఎదుటివాళ్ల గాయాన్ని తాకి తన ఒంట్లోకి తీసుకుని మాన్పే జాతి ఆమెది. వియన్లు పెట్టే హింసంతా, ఇతరుల కోసం ప్రాణం ఇవ్వడం ఆమె నేర్చుకుంటుందో లేదో చూడటానికి. ఆనాటి టీవీ కథకి ముందు చిన్న ముక్క, తర్వాత నాలుగు అంకాలు ఉండేవి, మధ్యలో ప్రకటనలు. ప్రతి అంకం చివర తెర నల్లబడగానే ‘ఇప్పుడు మనకి మిగిలిన ప్రశ్న ఏమిటి’ అని ఒక్క వాక్యం రాసుకోండి. నత్తనడక అన్న ఫిర్యాదుకి జవాబు ఆ వాక్యాల్లోనే దొరుకుతుంది. ‘వీళ్లు తప్పించుకుంటారా’ అని మొదలైన ప్రశ్న ‘ఆ పిల్ల చెయ్యి చాపుతుందా’ దగ్గరికి చేరుతుంది. ప్రశ్న మారిందంటే కథ కదులుతున్నట్టే.

రెండో రాత్రి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి, సబ్‌టైటిల్స్ కూడా వద్దు. జెమ్‌గా వేసిన క్యాథరిన్ హేస్‌కి ఒక్క డైలాగూ లేదు. అందుకని కూర్చున్నవాళ్లు పని పంచుకోవాలి. ఒకరు ఆమె చేతులే చూడాలి, ఒకరు కళ్లు, ఒకరు భుజాలు. కిర్క్ నుదుటి గాయాన్ని తాకే ఘట్టం దగ్గర ముగ్గురి నోట్సూ పక్కపక్కన పెట్టి చూడండి. వేళ్లు తగలగానే అతని నుదుటి మీది గాయం ఆమె నుదుటి మీదికి వస్తుంది, కాసేపుండి మాయమవుతుంది. ఆ కాసేపట్లో ఆమె మొహంలో నొప్పి ఎలా ఎక్కుతుందో, ఎలా దిగుతుందో చూడాలి. వెనక గోడ, తలుపు, దీపం ఏమున్నా మన కన్ను అటు పోయేది. ఇది మనకి కొత్త విద్యేమీ కాదు. కపిలేశ్వరపురం హరికథా పాఠశాలలో నేర్చుకున్న భాగవతారిణి చేతిలో చిడతలతో, ఖాళీ వేదిక మీద లంకాదహనం చూపిస్తుంది. అక్కడ సెట్టేదని ఎవరూ అడగరు. మాధవపట్నం తోలుబొమ్మలాటలోనూ తెల్లగుడ్డ తప్ప తెర మీద ఇంకేముంది? ఆ అలవాటున్న కంటితోనే దీన్నీ చూడాలి. ఈ రాత్రి జరిగే పొరపాటల్లా, కథ తెలిసినవాళ్లు నోటితో చెప్పేయడం. చెప్పనివ్వకండి.

మూడో రాత్రి తెర ఆపి, వినడమే. జార్జ్ డ్యూనింగ్ ఈ ఎపిసోడ్‌కి విడిగా సంగీతం కట్టాడు, జెమ్‌కి గొంతు అదే. భీమవరం వైపు చెరువుల పక్క ఇళ్లలో రాత్రంతా నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటాయి, ఆ హోరులో నెమ్మదైన వాయింపు వినబడదు. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

ఇక లోపాలు. మళ్లీ తూచడమంటే పొగడటం అనుకుంటే ఈ మూడు రాత్రులూ దండగ. జెమ్ కదలికలు కొన్నిచోట్ల మరీ నృత్యంలా సాగుతాయి, రెండోసారి చూసేటప్పటికి అవి తెలిసిపోతాయి. చివర్లో కిర్క్ ఉపన్యాసం, అంతవరకు మౌనంగా చెప్పినదాన్నే మాటల్లో మళ్లీ చెబుతుంది. అసలు చర్చ వియన్ల తర్కం దగ్గర పెట్టండి. రెండు లోకాల్లో ఒకదాన్నే కాపాడగలరట, అందుకని అర్హత పరీక్ష పెట్టారట. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరిన రోజున, ఒక్క పడవతో రెండు లంక గ్రామాల ముందు నిలబడ్డ సరంగుని తలచుకోండి. ‘మీలో త్యాగబుద్ధి ఉందని రుజువు చేస్తేనే ఎక్కించుకుంటాను’ అని ఏ సరంగూ అనడు. వియన్లు అన్నది అదే. ఇది రచన లోపమా, లేక రచయిత్రి జాయిస్ మస్కాట్ కావాలనే పెట్టిన మచ్చా? వియన్లలో జాలి ఇంకిపోయిందని కిర్క్ మొహం మీదే అంటాడు కాబట్టి కావాలనే అని మేమంటాం. మీకు వేరేగా తోస్తే ఏ సన్నివేశం చూసి అలా తోచిందో రాయండి.

రాసేటప్పుడు ప్రతి మాటకీ నిమిషం, సెకను వేయాలి, ఏ ప్రింటో కూడా రాయాలి. ‘నటన అద్భుతం’ అన్న వాక్యం పనికిరాదు. మెకాయ్ చచ్చిపోవడానికి 87 శాతం అవకాశం, స్పాక్‌కి మతి పోవడానికి 93 శాతం అని వియన్లు లెక్క చెప్పి, ఎంపిక కిర్క్ మీద పెడతారు. అప్పుడు డాక్టరే కిర్క్‌కి, తర్వాత స్పాక్‌కి మత్తుమందు ఇచ్చి తాను వెళతాడు. మెకాయ్‌గా వేసిన డిఫారెస్ట్ కెల్లీ ఆ పనిని ఎంత మామూలుగా చేశాడో రాస్తే చదివేవాళ్లకి నటన కనబడుతుంది. బడ్జెట్ లేదు పాపం అని మాత్రం మార్కులు కలపకండి. అది జాలి, తూకం కాదు.

తీర్పు రాసే ముందు అదే సీజనులో 1968 అక్టోబరు 25న వచ్చిన ‘స్పెక్టర్ ఆఫ్ ది గన్’ చూడండి. అందులోనూ సెట్టు సగమే, ముందు గోడలే తప్ప వెనక ఇళ్లుండవు. కానీ అక్కడ దానికి కథలోనే కారణం చెబుతారు, ఇక్కడ చెప్పరు. ఏది ఎక్కువ పట్టు చూపిందో పక్కపక్కన పెడితే తేలుతుంది. అందులో ఆకాశమంతా ఎరుపే కాబట్టి, నల్ల ప్యాంట్ల కోసం సరిచేసిన బ్రైట్‌నెస్‌ని మళ్లీ ఒకసారి చూసుకుని మొదలుపెట్టండి.