కరెంటు వచ్చినా ఇంటి స్టోరేజ్ సర్వర్ లేవకపోతే ఏం చేయాలి?

తుపాను వెళ్లిన మూడు నాలుగు రోజులకు కరెంటు వస్తుంది. ఫ్యాన్లు తిరుగుతాయి, ఫోన్లు ఛార్జింగ్ ఎక్కుతాయి, మూలనున్న స్టోరేజ్ సర్వర్ (ఫొటోలు, వీడియోలు, కాగితాలు దాచుకునే కంప్యూటర్) మాత్రం లేవదు. ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా మన తెలుగువాళ్ల ఇళ్లలో, ఫొటో స్టూడియోల్లో ఇది మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఇబ్బంది. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అంత పెద్ద తుపానే రానక్కర్లేదు, వైశాఖంలో సాయంత్రం పూట వచ్చే ఒక్క గాలివాన చాలు.

ఇలాంటప్పుడు చాలామంది "బోర్డు పోయింది" అని తేల్చేసి కొత్తది వెతుకుతారు. కాస్త ఆగండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది, దాని పేరు సీఆర్2032. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, సర్వర్ ఆపేసి ఉన్నా సరే, బోర్డులోని గడియారం ఎస్‌ఎమ్‌పీఎస్ (సర్వర్‌కు కరెంటు అందించే పెట్టె) ఇచ్చే కరెంటుతోనే నడుస్తుంది. సరఫరా పూర్తిగా ఆగినప్పుడే సెల్ మీద భారం పడుతుంది. ఏళ్ల తరబడి మార్చని సెల్ మామూలు రోజుల్లో బాగానే ఉన్నట్టు కనిపించి, నాలుగు రోజుల కోతలో చేతులెత్తేస్తుంది. అప్పుడు తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. చాలా బోర్డుల్లో బయోస్ (సర్వర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు కూడా కొత్తలో ఎలా ఉన్నాయో అలా అయిపోతాయి. సర్వర్ లేవకపోవడానికి ఇదొక్కటే చాలు.

ముందు డిస్కులను పక్కకు తీయండి

ప్లగ్గు గోడ నుంచి తీసేయండి. పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు కూడా పోతుంది. ఇప్పుడు డేటా ఉన్న హార్డ్ డిస్కులన్నిటికీ సాటా కేబుల్ (డేటా వెళ్లేది), పవర్ కేబుల్ రెండూ ఊడదీయండి. తీసే ముందు ఏ కేబుల్ ఏ పోర్టులో ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ప్రతి డిస్కు మీదా నంబరు రాసిన స్టిక్కర్ అంటించండి.

ఈ పని బద్ధకించవద్దని గట్టిగా చెబుతున్నాను. బోర్డు పాడైతే విశాఖపట్నం నుంచో ఆన్‌లైన్‌లోనో ఇంకొకటి తెప్పించుకోవచ్చు. అక్క పెళ్లి వీడియో, తాతయ్య ఫొటోలు, స్కాన్ చేసి దాచుకున్న పట్టా కాగితాలు ఏ దుకాణంలోనూ దొరకవు. కంగారులో నొక్కే "ఇనిషియలైజ్" (డిస్కును కొత్తగా సిద్ధం చేయడం), "క్రియేట్ అరే" (డిస్కులను కొత్తగా ఒక జట్టుగా కలపడం) లాంటి బటన్ల వల్ల డేటా పోతుంది. డిస్కులు పక్కనుంటే బోర్డుతో ఎంత కుస్తీ పట్టినా ఆ భయం ఉండదు.

ఎక్కడ ఆగిందో గమనించండి

బటన్ నొక్కితే లైటు, ఫ్యాను, చప్పుడు ఏదీ లేదంటే ముందు అనుమానించాల్సింది ఎస్‌ఎమ్‌పీఎస్‌నే. పిడుగులు పడ్డ రాత్రి తర్వాత ఇది మామూలే. తెలిసినవాళ్ల కంప్యూటర్ నుంచి బాగున్న ఎస్‌ఎమ్‌పీఎస్ తెచ్చి తగిలించి చూడండి. పెద్ద 24 పిన్నుల కనెక్టరే కాదు, ప్రాసెసర్ దగ్గరుండే 4 లేదా 8 పిన్నుల కనెక్టర్ కూడా పూర్తిగా లోపలికి దిగాలి. ఇంకో సంగతి. ఇంటెల్ అటామ్ సీ2000 వరుస ప్రాసెసర్లున్న పాత నాస్ (రెడీమేడ్ స్టోరేజ్ సర్వర్) పెట్టెలు, బోర్డులు కొన్ని ఏళ్లు బాగా నడిచి ఒకరోజు ఉన్నట్టుండి చచ్చిపోతాయి. ఆ చిప్పులో గడియారపు సిగ్నల్ ఆగిపోయే లోపం ఉందని 2017లో బయటపడింది. అది హార్డ్‌వేర్ లోపం. బయోస్ ఎన్నిసార్లు మార్చినా పోదు.

ఫ్యాన్లు తిరుగుతున్నా తెర మీద ఏమీ రాకపోతే బోర్డు మూలల్లో చిన్న లైట్లున్నాయేమో చూడండి. ఈమధ్య చాలా బోర్డుల్లో సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు లైట్లు ఉంటున్నాయి. ఏది వెలిగే ఉండిపోతే గొడవ అక్కడే. లైట్లు లేని బోర్డుల్లో బీప్ చప్పుళ్లు లెక్కపెట్టి మాన్యువల్‌లో అర్థం చూసుకోవాలి. మన తీరం వైపు ఉప్పుగాలికి, తేమకి ర్యామ్ కాంటాక్టులు మసకబారుతుంటాయి. ర్యామ్ తీసి, బంగారు రంగు పళ్లను ఐసోప్రోపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక్క స్టిక్ మాత్రమే తిరిగి పెట్టి ప్రయత్నించండి. మెత్తటి తెల్ల రబ్బరుతో రుద్దినా పని జరుగుతుంది కానీ పొట్టు స్లాటులో పడకుండా చూసుకోవాలి. కొత్త డీడీఆర్5 బోర్డయితే మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. తెర నల్లగా ఉందని వెంటనే ఆపేయకండి.

సెల్ సంగతి తేల్చుకోండి

మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీకి తిప్పండి. ప్లగ్గు తీసే ఉండాలి. నల్ల ప్రోబ్‌ను క్యాబినెట్‌లో రంగు లేని స్క్రూకి ఆనించి, ఎర్ర ప్రోబ్‌ను సెల్ పైముఖం మీద పెట్టండి. కొత్త సెల్ 3 వోల్టులు దాటి చూపిస్తుంది. 2.7 కంటే తక్కువ చూపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు, మార్చేయండి. పక్కనున్న క్లిప్పును గోరుతో వెనక్కి నెడితే సెల్ దానంతటదే పైకి లేస్తుంది. కొన్ని బోర్డుల్లో అది గ్రాఫిక్స్ కార్డు కింద దాక్కుని ఉంటుంది, ముందు ఆ కార్డు తీయాలి. కొత్తది పెట్టేటప్పుడు ప్లస్ గుర్తు పైకి ఉండాలి. వాచీల దుకాణంలోనైనా దొరుకుతుంది.

సెల్ తీసిన ఆ సమయంలోనే బయోస్‌ను కాదు, దాని సెట్టింగులను పూర్తిగా చెరిపేయడం మంచిది. బోర్డు మీద "సీఎల్ఆర్ సీమాస్", "సీఎల్ఆర్‌టీసీ" లేదా "జేబ్యాట్1" అని రాసి ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలిపి ఉంచితే సరిపోతుంది.

సెట్టింగులు తిరిగి పెట్టడం

తెర వచ్చాక డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. మొదట తేదీ, సమయం సరిచేయండి. తేదీ తప్పయితే సర్వర్ లేచినా బ్రౌజర్ సర్టిఫికెట్ తప్పంటుంది, బ్యాకప్‌లు గందరగోళం అవుతాయి.

తర్వాతది సాటా మోడ్, అంటే బోర్డు డిస్కులతో మాట్లాడే పద్ధతి. కొన్ని డిస్కులను ఒక్కటిగా కలిపి వాడే ఏర్పాట్లయిన జెడ్‌ఎఫ్‌ఎస్ గానీ, లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ గానీ వాడుతుంటే ఏహెచ్‌సీఐ ఉండాలి. బోర్డు ఇచ్చే రెయిడ్ వాడుతున్నవాళ్లు మాత్రం డిస్కులు తగిలించకముందే దాన్ని రెయిడ్ మోడ్‌కి మార్చుకోవాలి. లేకపోతే డిస్కులన్నీ విడివిడిగా కనబడి, ఇనిషియలైజ్ చేయమంటారా అని కంప్యూటర్ అడుగుతుంది. ఒప్పుకోకండి.

ఇక బూట్ మోడ్, అంటే సిస్టమ్‌ను లేపే పద్ధతి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో ఎక్కించి ఉంటే బయోస్ కూడా అలాగే ఉండాలి, పాత లెగసీ పద్ధతిలో ఎక్కించి ఉంటే సీఎస్ఎమ్ (పాత పద్ధతిని అనుమతించే సెట్టింగు) ఆన్ చేయాలి. "నో బూటబుల్ డివైస్" అని వచ్చే సందర్భాల్లో సగానికి పైగా ఇక్కడే తేలిపోతాయని నా నమ్మకం. సెక్యూర్ బూట్ (సంతకం లేని సిస్టమ్‌ను లేవనివ్వని రక్షణ) తిరిగి ఆన్ అయిపోయి కూడా అడ్డం పడుతుంది. ఎమ్.2 స్లాటులో కొత్తగా ఎస్‌ఎస్‌డీ పెట్టి ఉంటే, చాలా బోర్డుల్లో ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. ఏవి ఆగుతాయో మాన్యువల్‌లోని పట్టికలో ఉంటుంది.

కరెంటు వచ్చాక దానంతటదే లేవాలా వద్దా అనే సెట్టింగు ఒకటుంది, "రిస్టోర్ ఏసీ పవర్ లాస్" లాంటి పేరుతో. యూపీఎస్ లేని ఇంట్లో దాన్ని ఆఫ్‌లోనే ఉంచమంటాను. మన దగ్గర పోయిన కరెంటు ఒక్కసారిగా నిలబడదు. వచ్చి, పోయి, మళ్లీ వస్తుంది. లేస్తూ పడుతూ ఉంటే డిస్కులకు అంతకంటే హాని లేదు.

అంతా అయ్యాక ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. మళ్లీ ఇదే జరిగితే సగం టెన్షన్ తగ్గుతుంది.

బయోస్ అప్‌డేట్ చివరి మాటగానే

సర్వర్ లేవడం లేదు కాబట్టి బయోస్ కొత్తది వేసేద్దాం అనుకోవడం ప్రమాదం. కంపెనీ ఇచ్చిన వివరాల్లో మీ సమస్య పేరు కనిపిస్తేనో, కొత్త ప్రాసెసర్ పెడుతుంటేనో తప్ప దాని జోలికి పోవద్దు. తప్పదనుకుంటే బోర్డు మీద అచ్చయిన పేరుతో పాటు రివిజన్ నంబరూ చూసుకోండి. పేరు ఒకటే అయినా రివిజన్ మారితే ఫైలు వేరు కావచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. సర్వర్‌ను యూపీఎస్‌కి తగిలించి, ఆకాశం తేటగా ఉన్న పూట మొదలుపెట్టండి. మధ్యలో కరెంటు పోతే అప్పుడు నిజంగానే బోర్డు పోతుంది.

అలా సగంలో ఆగిపోయినా, వెనకవైపు ఫ్లాష్‌బ్యాక్ బటన్ (పెన్‌డ్రైవ్ నుంచి బయోస్‌ను తిరిగి రాసేది) ఉన్న బోర్డుల్లో దారి ఉంది. ఫైలుకు కంపెనీ చెప్పిన పేరే పెట్టి, ఆ బటన్ కోసం కేటాయించిన యూఎస్‌బీ పోర్టులోనే పెన్‌డ్రైవ్ పెట్టాలి. బటన్ లేకపోతే చిప్ ప్రోగ్రామర్ ఉన్న రిపేరు షాపే గతి. చిప్ 1.8 వోల్టులదో 3.3దో చూసుకోమని అక్కడివాళ్లకు చెప్పండి.

అప్‌డేట్ తర్వాత సెట్టింగులన్నీ మళ్లీ పెట్టాలి. బూట్ జాబితాలో మీ సిస్టమ్ పేరు మాయమైనా భయపడకండి. బయోస్‌లోని బూట్ మెనూ నుంచి ఆ ఎస్‌ఎస్‌డీని నేరుగా ఎంచుకుంటే చాలాసార్లు లేస్తుంది. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే సదుపాయం) పెట్టినవాళ్లు అప్‌డేట్‌కు ముందే రికవరీ కీ రాసిపెట్టుకోవాలి.

సిస్టమ్ డిస్కే పోతే

బయోస్‌లో ఎస్‌ఎస్‌డీ పేరే కనిపించకపోతే కేబుల్, పోర్టు మార్చి చూడండి. అయినా రాకపోతే కొత్త ఎస్‌ఎస్‌డీ మీద సిస్టమ్‌ను తిరిగి ఎక్కించాలి. అప్పటిదాకా డేటా డిస్కులు బయటే ఉండాలి. ట్రూనాస్ (స్టోరేజ్ సర్వర్ల కోసం ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్) అయితే ముందే దాచుకున్న కాన్ఫిగరేషన్ ఫైలు ఎక్కిస్తే యూజర్లు, షేర్లు తిరిగి వస్తాయి. ఇప్పుడు సర్వర్ ఆపి డిస్కులు తగిలించి, పూల్‌ను (కలిపి ఉన్న డిస్కుల జట్టును) ఇంపోర్ట్ చేయండి. లినక్స్ రెయిడ్ వాడేవాళ్లకు దాన్ని నడిపే ప్రోగ్రామ్ ఎమ్‌డీ‌ఆడ్మ్‌లో "అసెంబుల్" అనేదే సరైన ఆదేశం. "క్రియేట్" జోలికి వెళ్లారంటే పాత అరే మీద కొత్తది రాసేస్తుంది.

డిస్కులన్నీ కనిపించాక వెంటనే వాడకం మొదలుపెట్టకుండా ముందు ప్రతి డిస్కు స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) చూడండి. రీఎలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (డిస్కులో పాడైన, అనుమానమున్న భాగాల) దగ్గర సున్నా ఉండాలి. తర్వాత స్క్రబ్ నడపండి, అంటే డేటా అంతా చదివి తప్పులున్నాయేమో చూసే పరీక్ష. డిస్కుల సైజును బట్టి రాత్రంతా పట్టొచ్చు. అది తప్పుల్లేకుండా పూర్తయ్యేదాకా కొత్త ఫైళ్లేవీ ఎక్కించకండి.