పాట ముందుకు, మనిషి వెనక్కి: 'ది సైంటిస్ట్' లాంటి వీడియో మీరే తీయడం ఎలా

కోల్డ్‌ప్లే బ్యాండ్ 'ది సైంటిస్ట్' వీడియో చూసిన ఎవరికైనా వచ్చే డౌట్ ఒకటే. మనిషి వెనక్కి నడుస్తున్నాడు, చుట్టూ ఉన్నదంతా వెనక్కి పోతోంది, మరి పెదాలు మాత్రం పాటతో ఎలా కలుస్తున్నాయి? కిటుకు కంప్యూటర్లో లేదు, నోట్లో ఉంది. 2002లో వచ్చిన ఈ పాటకి జేమీ త్రేవ్స్ వీడియో తీసేటప్పుడు, గాయకుడు క్రిస్ మార్టిన్ పాటని చివరి నుంచి మొదటికి, అంటే శబ్దాలతో సహా తిరగేసి పాడటం నేర్చుకున్నాడు. దానికి దాదాపు నెల పట్టిందట. కెమెరా ముందు మామూలుగా ముందుకే నడుస్తూ ఆ తిరగేసిన పాట పాడాడు. ఫుటేజీని రివర్స్ చేస్తే నడక వెనక్కి పోయింది, పాట తిన్నగా వచ్చింది. అంతే. ఓపిక ఉంటే ఇదే పని మీరు ఫోనుతో చేయొచ్చు.

అయితే పెదాల సంగతి తర్వాత, ముందు కథ చూసుకోండి. చాలామంది ఇక్కడే తొందరపడి, ఏదో ఒక పాట పెట్టి వీధిలో వెనక్కి నడిచేసి, పది సెకన్ల తర్వాత చూసేవాళ్ళకి బోరు కొట్టిస్తారు. 'ది సైంటిస్ట్' ఎందుకు నిలబడిందో చూడండి: మొదట్లో మనకి కనిపించేది పరుపు మీద పడుకున్న ఒక మనిషి, అంతే. అక్కడి నుంచి ఊరు దాటి, గోడ ఎక్కి, అడవిలోకి వెనక్కి వెనక్కి వెళ్తే కారు ప్రమాదం, పక్క సీట్లో ఉండాల్సిన అమ్మాయి, ఇంకా వెనక్కి వెళ్తే ఆమె సీటు బెల్టు తీయడం. ఫలితం ముందు, కారణం ఆఖర్న. పాట కూడా మళ్ళీ మొదటికి వెళ్దామనే కాబట్టి వీడియో ఊరికే జిమ్మిక్కులా ఉండదు. 2003లో ఎంటీవీ వీడియో మ్యూజిక్ అవార్డుల్లో దీనికి మూడు వచ్చాయి, అందులో డైరెక్షన్‌ది ఒకటి. నన్నడిగితే అది పెదాల కష్టానికి కాదు, ఈ వరసకే ఇచ్చినట్టు లెక్క.

కాబట్టి కాగితం మీద మీ కథని మామూలు వరసలో ఐదారు షాట్లుగా రాయండి. ఉదాహరణకి, ఒకడు తన గొడుగు ఎవరికో ఇచ్చేస్తాడు, వానలో తడుస్తూ నడుస్తాడు, వచ్చి మెట్ల మీద కూలబడతాడు. తిన్నగా చెబితే ఇందులో ఏమీ లేదు. తిరగేసి చూడండి: తడిసి ముద్దైన మనిషి మెట్ల మీద ఉన్నాడు, ఎందుకో తెలియదు, చివరి షాట్లో గొడుగు ఇంకొకరి చేతిలో నుంచి అతని చేతిలోకి వచ్చేస్తుంది. ఇలా ఆఖర్న తెలిసే ముక్క ఒకటి లేకపోతే ఇంకో కథ వెతుక్కోండి, ఎంత బాగా పాడినా లాభం లేదు. కారు ప్రమాదాలూ, ఎత్తు నుంచి దూకడాలూ మాత్రం మీరు పెట్టుకోకండి.

ఇక పాట. మొదటిసారి పూర్తి పాట జోలికి పోవద్దు ('ది సైంటిస్ట్' ఆల్బమ్‌లో ఐదు నిమిషాల పైనే ఉంటుంది), అరనిమిషం ముక్క చాలు. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్క తెరిచి రివర్స్ కొట్టండి. తర్వాత పిచ్ (స్వరం ఎత్తు) మారకుండా టెంపో (వేగం) మాత్రం తగ్గించి, ఒక్కో లైనూ విడిగా సేవ్ చేసుకుని, వింటూ చెవికి ఎలా వినిపిస్తే అలా తెలుగులో రాసుకోండి. ఇంగ్లిష్ పాటైనా సరే తెలుగు లిపిలోనే రాయండి, పలికినట్టు రాసుకోవచ్చు కాబట్టి పని తేలికవుతుంది.

పాట తెలుగుదైతే ఒక చోట జాగ్రత్త. తిరగేయాల్సింది అక్షరాల్ని కాదు, శబ్దాల్ని. 'కదా'ని తిరగేస్తే 'దాక' అనుకుంటాం, కానీ రికార్డింగ్ రివర్స్ చేసి వినండి, 'ఆదక్' అని వస్తుంది, ఎందుకంటే దీర్ఘం ముందుకొచ్చి, 'క'లో ఉన్న హల్లు చివరికి పోతుంది. అలాగే 'మళ్ళీ మొదటికి' అనేది 'ఇకిటదొమీళ్ళమ్' అవుతుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి తిరగేసినప్పుడు దాదాపు ప్రతి లైనూ అచ్చుతో మొదలవుతుంది, పొల్లుతో ఆగుతుంది. మొదట నాలుక తిరగదు. లైనులో చివరి రెండు మాటలు పట్టుకుని, అవి వచ్చాక ముందు మాట కలుపుకుంటూ పోండి, నెమ్మదిగా పలికేది అలవాటయ్యాకే అసలు వేగానికి రండి.

ఇక్కడ ఒక ఊరట ఉంది. మీ గొంతు వీడియోలో ఎవరూ వినరు, పైన వేసేది అసలు పాటే. కనిపించేది మూతి ఒక్కటే. ప, బ, మ దగ్గర పెదాలు మూసుకోవాలి, ఉ, ఓ దగ్గర గుండ్రంగా రావాలి, ఆ దగ్గర దవడ జారాలి. ఈ మూడూ సమయానికి పడితే తొంభై పాళ్ళు అయిపోయినట్టే. త, ద, క, గ నోటి లోపల జరిగే వ్యవహారం, అటూ ఇటూ అయినా చూసేవాళ్ళు పట్టుకోలేరు. అందుకే మీరు రాసుకున్న కాగితంలో ప, బ, మలకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టుకోండి. పాడేటప్పుడు నిజంగా గొంతు విప్పి పాడండి, ఉత్తినే పెదాలు ఆడిస్తే మెడా దవడా కదలవు, అబద్ధమని ఇట్టే తెలిసిపోతుంది.

షూటింగు రోజు షాట్లు కథ నడిచిన వరసలోనే తీయండి. గొడుగు కథలో ముందు పొడి బట్టలు, తర్వాత తడి బట్టలు, ఎటూ అదే సుఖం. కానీ గుర్తుంచుకోండి, మీరు మొదట తీసే షాట్‌కి పడేది పాటలో ఆఖరి లైను. ఇది తికమక పెడుతుంది కాబట్టి ప్రతి షాట్ పక్కన దాని లైను రాసి దగ్గర పెట్టుకోండి. తిరగేసిన పాటని స్పీకర్లో గట్టిగా పెట్టండి, ఇయర్‌బడ్స్ వద్దు, ఎందుకంటే ఆ శబ్దం కెమెరాలో కూడా రికార్డవ్వాలి, దానితో ఎడిటింగ్‌లో పని పడుతుంది. నెమ్మదిగా నడిచే నడక, కదలని చెట్లు రివర్స్‌లో పెద్దగా తేడా చూపించవు. నీళ్ళు ఒలకడం, కాగితాలు ఎగరడం, కోటు విసిరేయడం, పొగ, అరుగు మీద నుంచి దిగడం లాంటివి ప్రతి షాట్లో ఏదో ఒకటి ఉండేలా చూసుకోండి.

ఇంకో పద్ధతి కూడా ఉంది, షూటింగులో మీరే వెనక్కి నడిస్తే వీడియోలో మీరు ముందుకూ, మిగతా లోకం వెనక్కీ పోతాయి. ఫార్‌సైడ్ అనే హిప్‌హాప్ బృందం 'డ్రాప్' పాటకి 1996లో స్పైక్ జోన్జ్ అలాగే తీశాడు, తిరగేసిన మాటలు నేర్పడానికి ఒక భాషా నిపుణుణ్ణి కూడా పెట్టుకున్నారు. చూడటానికి తమాషాగా ఉంటుంది గానీ వెనక్కి నడుస్తూ పాడటం కష్టం, మొదటి వీడియోకి వద్దు.

ఎడిటింగ్‌లో ఒక్కో క్లిప్పునీ రివర్స్ చేసి, ఆఖర్న తీసింది మొదట పెట్టండి. అప్పుడు క్లిప్పు ఆడియో వింటే స్పీకర్లోంచి రికార్డైన పాట తిన్నగా వినిపిస్తుంది, మీ గొంతు మాత్రం దెయ్యం పట్టినట్టు ఉంటుంది. ఆ ఆడియోని అసలు పాట కింద పెట్టి రెండూ కలిసేదాకా జరిపి, తర్వాత మ్యూట్ చేసేయండి. కొన్ని ఫోన్ యాప్‌లు రివర్స్ చేయగానే ఆడియో తీసేస్తాయి, అలాంటప్పుడు సున్నా చుట్టిన ఒక ప, బ, మ దగ్గర పెదాలు మూసుకునే ఫ్రేమ్ చూసి కలపాలి. ఒక్క లైను ఎంతకీ కుదరకపోతే ఆ కాసేపూ వీపు వైపు షాటో, చేతుల షాటో వేసేయండి, ఎవరూ అడగరు. యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే మాత్రం పాట మీదో మీ స్నేహితులదో అయితే మంచిది, వేరేవాళ్ళ రికార్డింగ్ అయితే కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు, వీడియో బ్లాక్ కూడా కావచ్చు.